సిఫిలిస్ క్రిమి: లోపల దాచుకున్న ప్రోటీన్లు, వెలుపల మార్చుకునే ప్రోటీన్లు

చాలా ఏళ్లుగా సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో రక్తపరీక్షల నివేదికలు రాస్తున్న నాకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతూ ఉంటుంది. మన పెద్దలు సవాయి అని పిలిచిన సిఫిలిస్‌కు పూర్తిగా చికిత్స చేయించుకున్న మనిషి, ఏళ్లు గడిచాక మరేదో అవసరానికి రక్తం ఇస్తాడు. నివేదికలో "రియాక్టివ్" (అంటే పాజిటివ్) అన్న మాట చూడగానే గుండె జారిపోతుంది. "మేడమ్, ఇంజెక్షన్లు చేయించుకుని తొమ్మిదేళ్లయింది. ఆ క్రిమి ఇంకా నా ఒంట్లోనే ఉందా?" అని ఒకాయన ఆ కాగితం పట్టుకుని అడిగినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. "ఈ పరీక్ష అలాగే వస్తుందండీ, కంగారుపడకండి" అని మాత్రం చెప్పి పంపించాను. నేను చెప్పింది అబద్ధం కాదు గానీ, ఆయన అడిగినదానికి అది జవాబూ కాదు. ఎందుకు అలా వస్తుందో చెప్పకుండా కంగారుపడవద్దంటే ఎవరికి మాత్రం ఊరట కలుగుతుంది? ఆయనకు నేను చెప్పవలసిన జవాబు ఆ క్రిమి ప్రోటీన్లలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఏ ప్రోటీన్ ఆ క్రిమి ఒంట్లో ఏ చోట ఉంది అన్న విషయంలో ఉంది. ఆ జవాబును ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

సిఫిలిస్‌కు కారణమైన బాక్టీరియా పేరు ట్రెపోనెమా పాలిడం. 1905లో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ షౌడిన్, ఎరిక్ హాఫ్‌మన్ దీన్ని గుర్తించారు. పాలిడం అంటే పాలిపోయినది అని అర్థం. మామూలు రంగులు దీనికి సరిగా పట్టవు. దీని మందం మైక్రోమీటరులో అయిదో వంతు మాత్రమే కాబట్టి మామూలు సూక్ష్మదర్శినిలో కంటికి ఆనదు. పుండు నుంచి ఊరిన రసాన్ని గాజుపలక మీద ఒక్క చుక్క వేసి, వెలుగు పక్కల నుంచి మాత్రమే పడేలా అమర్చిన సూక్ష్మదర్శిని కింద పెడితే, నల్లటి నేపథ్యం మీద వెండితీగతో చేసిన బొంగరపు తాడులా ఒక సన్నని మెలిక కనబడుతుంది. అది తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు సాగుతుంది, ఆగుతుంది, నడుము దగ్గర మెత్తగా వంగి మళ్లీ నిటారవుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కన్ను తిప్పుకోలేకపోయాను.

ఆ కదలికను నడిపించే ప్రోటీన్లు కూడా బయటికి కనబడవు. చాలా బాక్టీరియాలకు ఈదడానికి ఉపయోగపడే కశాభాలు ఒంటి వెలుపల తోకల్లా వేలాడుతుంటాయి. ఈ క్రిమి మాత్రం వాటిని తన రెండు పొరల మధ్య ఉన్న సందులో, ఒంటి పొడవునా చుట్టి పెట్టుకుంది. ఎఫ్‌ఎల్‌ఏ-బి కుటుంబానికి చెందిన మూడు ప్రోటీన్లు కశాభానికి వెన్నుగా ఉంటే, ఎఫ్‌ఎల్‌ఏ-ఎ అన్న మరో ప్రోటీన్ వాటికి తొడుగుగా ఉంటుంది. మోటారు లోపల తిరుగుతుంది, ఒళ్లంతా మెలికపడుతుంది. కశాభాల ప్రోటీన్లు మన రోగనిరోధక వ్యవస్థను గట్టిగా రెచ్చగొట్టేవి కాబట్టి, అవి పొర మాటున ఉండటం ఈ క్రిమికి పెద్ద లాభం. ఈ క్రిమి విషయంలో పదే పదే కనిపించే తీరు ఇదే.

అసలు విషయం వెలుపలి పొరలో ఉంది. ఈ.కొలై లాంటి బాక్టీరియాల వెలుపలి పొర మీద లైపోపాలీశాకరైడ్ అనే కొవ్వు, చక్కెరల సమ్మేళనం దట్టంగా పరచుకుని ఉంటుంది. దాన్ని చూడగానే మన శరీరం జ్వరంతో, వాపుతో ఎదురు తిరుగుతుంది. ట్రెపోనెమా పాలిడంలో అది లేనే లేదు. పోనీ, ప్రోటీన్లయినా ఉన్నాయా అంటే, ఆ సంగతి 1989లో తేలింది. క్రిమిని ఉన్నపళంగా గడ్డకట్టించి పగలగొడితే, పొర తన రెండు అరల మధ్య నిలువునా చీలుతుంది. రొట్టెను మధ్యకు విప్పినట్టు అన్నమాట. ఆ చీలిన ముఖం మీద ప్లాటినం, కార్బన్ పూతపూసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, పొరలో దిగబడి ఉన్న ప్రతి ప్రోటీన్ ఒక చిన్న బొడిపెలా తేలుతుంది. ఈ.కొలైలో ఆ ముఖం ఇసుక చల్లినట్టు బొడిపెలతో నిండిపోయి ఉంటుంది. సిఫిలిస్ క్రిమిలో దాదాపు ఖాళీ మైదానం, అక్కడక్కడ ఒకటీ అరా గింజ. లెక్క వేస్తే ఈ.కొలైతో పోల్చినప్పుడు సుమారు నూరో వంతు.

ఈ ఒక్క చిత్రం ఎన్నో ఏళ్ల చిక్కుముడిని విప్పింది. రోగి రక్తంలో ఈ క్రిమికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుష్కలంగా ఉంటాయి. కానీ ఆ రక్తరసాన్ని చెక్కుచెదరని తాజా క్రిముల మీద పోస్తే యాంటీబాడీలు వాటిని పట్టుకోవడం చాలా తక్కువ. అదే క్రిములను డిటర్జెంటుతో కడిగి వెలుపలి పొరను కరిగించేస్తే, వెంటనే వచ్చి అతుక్కుంటాయి. అంటే మన శరీరం తయారుచేసే యాంటీబాడీలలో అధిక భాగం క్రిమి లోపలి సరుకుకు వ్యతిరేకంగా తయారైనవే. చచ్చి చితికిపోయిన క్రిముల శకలాలను చూసి శరీరం శత్రువు రూపం నేర్చుకుంటుంది. బతికి ఉన్న క్రిమికి బయట ఆ రూపం కనబడదు.

ఇప్పుడు ఆ లోపలి సరుకు దగ్గరకు వద్దాం. ధ్రువీకరణ పరీక్షల్లో వాడే ఒక పొడవాటి పట్టీని ఊహించుకోండి. దాని మీద ఈ క్రిమి ప్రోటీన్లను వరసగా అతికించి ఉంచుతారు. రోగి రక్తరసంలో నానబెట్టి, రంగు వచ్చే ద్రావణం వేసి కాసేపు ఆగితే, తెల్లటి పట్టీ మీద ఊదారంగు గీతలు ఒక్కొక్కటిగా తేలుతాయి. వాటిలో మేము ముందుగా వెతికేవి 47, 17, 15 అన్న గీతలు. ఆ అంకెలు ప్రోటీన్ల బరువులు, కిలోడాల్టన్లలో. టీపీ47, టీపీ17, టీపీ15 అని వాటి పేర్లు. మూడూ లైపోప్రోటీన్లే, అంటే ఒక చివర కొవ్వు తోక తగిలించుకుని, ఆ తోకతో పొరను పట్టుకుని నిలబడే ప్రోటీన్లు. చాలాకాలం పాటు ఇవి క్రిమి ఉపరితలం మీదే ఉంటాయని అనుకున్నారు. రక్తరసం వీటిని అంత బలంగా గుర్తిస్తున్నప్పుడు అలా అనుకోవడం సహజమే. చివరికి తేలిందేమిటంటే, ఇవి ప్రధానంగా లోపలి పొరకు పాతుకుని, రెండు పొరల మధ్య సందులోకి తల పెట్టుకుని ఉంటాయి.

వీటి కొవ్వు తోకలకు మరో గుణం ఉంది. మన కణాల మీద ఉండే టీఎల్‌ఆర్-2 అనే గ్రాహకం ఈ తోకలను గుర్తుపట్టి వాపును రేపుతుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకున్న కొన్ని గంటల్లో కొందరు రోగులకు చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి, ఒక రోజులో తగ్గిపోతాయి. దాన్ని మందు పడలేదని పొరబడి భయపడేవాళ్లున్నారు. చచ్చిన క్రిములు ఒక్కసారిగా చిట్లి, అప్పటిదాకా దాచుకున్న లైపోప్రోటీన్లను రక్తంలోకి వదలడం వల్ల వచ్చే జ్వరం అది.

పెన్సిలిన్ మాట వచ్చింది కాబట్టి టీపీ47 గురించి ఇంకొంచెం చెప్పాలి. నన్ను అడిగితే, ఈ క్రిమి ప్రోటీన్లన్నిటిలోకీ ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇదే. 1943లో జాన్ మహోనీ బృందం సిఫిలిస్ రోగులకు మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చి నయం చేసినప్పటి నుంచి నేటి దాకా, ఆ మందుకు లొంగని ట్రెపోనెమా పాలిడం కనబడలేదు. పెన్సిలిన్ కుటుంబపు మందులను ఎన్నో బాక్టీరియాలు వమ్ముచేసిన కాలంలో ఇది చిన్న విషయం కాదు. టీపీ47 పెన్సిలిన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్. క్రిమి గోడ అల్లికలో దీనికి పని ఉంది. 2002లో దీని త్రిమితీయ నిర్మాణం బయటపడింది. ఆ తరువాత రెండేళ్లకు తెలిసిన సంగతి ఏమిటంటే, ఈ ప్రోటీన్‌కు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే శక్తి కూడా ఉంది. అంటే మందును వమ్ముచేసే ఆయుధం ఆ క్రిమి చేతిలో ముందునుంచీ ఉన్నట్టే. అయినా పెన్సిలిన్ ఎలా పనిచేస్తోంది? విరగ్గొట్టగా వచ్చిన పదార్థమే తిరిగి ఆ ప్రోటీన్‌ను గట్టిగా అడ్డుకుంటుంది. కత్తి ఒక వేటు వేయగానే తెగిన ముక్క దాని అంచుకే అంటుకుపోయి రెండో వేటు పడనివ్వనట్టు. ఈ చిన్న రసాయనిక అడ్డంకి తొలగే మార్పు క్రిమికి ఇంతవరకూ దొరకలేదు. దొరకకూడదని మనసారా కోరుకుంటున్నాను. ఎందుకంటే, ప్రత్యామ్నాయంగా వాడిన అజిత్రోమైసిన్ అనే మందు విషయంలో, క్రిమి ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడంతో మందు పనికిరాకుండా పోయిన క్రిములు అనేక దేశాల్లో వ్యాపించాయి.

మళ్లీ ఆ పెద్దాయన ప్రశ్న దగ్గరికి వస్తాను. సిఫిలిస్‌కు రెండు రకాల రక్తపరీక్షలున్నాయి, అవి కొలిచేవి వేరువేరు. మొదటి రకానికి మూలం 1906లో ఆగస్ట్ వాసర్మన్ బృందం రూపొందించిన పరీక్ష. అందులో స్పందించే పదార్థం క్రిమి ప్రోటీన్ కాదు, కార్డియోలిపిన్ అనే కొవ్వు. దాన్ని 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఎద్దు గుండె నుంచి వేరుచేసి పేరు పెట్టారు. ఇప్పుడు వాడే వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ పరీక్షలు ఆ కొవ్వు మీద ఆధారపడినవే. కణజాలం దెబ్బతిన్నప్పుడు ఆ కొవ్వుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పెరుగుతాయి, చికిత్స తరువాత క్రమంగా తగ్గుతాయి. అందుకే వాటిని 1:8, 1:16, 1:32 అంటూ పలుచన చేసి కొలుస్తారు. 1:32 ఉన్నది 1:8కి దిగితే, అంటే నాలుగో వంతుకు తగ్గితే, మందు పనిచేసిందని వైద్యులు లెక్కవేస్తారు. ఇతర జబ్బుల్లో, కొన్నిసార్లు గర్భిణుల్లో కూడా ఇది తప్పుగా పాజిటివ్ రావచ్చు.

రెండో రకం పరీక్షలు నేరుగా ఈ క్రిమి ప్రోటీన్లను, ముఖ్యంగా ఇంతకుముందు చెప్పిన 47, 17, 15 ప్రోటీన్లను ఎరగా వాడతాయి. టీపీహెచ్‌ఏ అనే పరీక్షలో మొత్తం క్రిమి సరుకును ఎర్రకణాలకు పూస్తారు. కొత్త పరీక్షల్లో మాత్రం ఈ ప్రోటీన్లను ఈ.కొలైలో తయారుచేయించి వాడతారు. వీటికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలు చాలామందిలో జీవితాంతం నిలిచి ఉంటాయి. క్రిమి పోయినా జ్ఞాపకం పోదు. కాబట్టి ఆ రోజు నేను చెప్పవలసిన మాట ఇది: "అయ్యా, మీ కాగితం మీద ఉన్న పరీక్ష క్రిమిని చూడలేదు, ఒకప్పుడు ఆ క్రిమి లోపలి ప్రోటీన్లను మీ శరీరం చూసిందన్న గుర్తును చూసింది. జబ్బు ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే ఆర్‌పీఆర్ కొలత పాత కాగితాలతో పోల్చి చూడాలి." అప్పుడు ఇంత వివరంగా చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జ్ఞాపకం అంత గట్టిదైతే రక్షణ ఎందుకు ఉండదు అన్నది తరువాతి ప్రశ్న. ఒకసారి సిఫిలిస్ వచ్చి నయమైన మనిషికి మళ్లీ రావచ్చు. చికిత్స లేకపోతే ఒకే మనిషిలో ఆ క్రిమి దశాబ్దాల పాటు బతకగలదు. లోపలి ప్రోటీన్ల మీది యాంటీబాడీలు బతికిన క్రిమిని పట్టుకోలేవన్నది ఇందుకు సగం కారణమైతే, మిగతా సగం కారణం వెలుపల ఉన్న ఆ కొద్ది ప్రోటీన్లలో ఉంది.

1998లో ఈ క్రిమి జన్యుక్రమం మొత్తం వెలువడింది. దానికి వాడిన నికోల్స్ అనే తెగ 1912లో ఒక రోగి వెన్నుపాము ద్రవం నుంచి తీసినది, అప్పటి నుంచి కుందేళ్లలో పెంచుతూ నిలుపుకొస్తున్నది. జన్యుక్రమంలో సుమారు 11.4 లక్షల అక్షరాలు, 1041 జన్యువులు లెక్కకు వచ్చాయి. వాటిలో నాలుగో వంతుకు పైగా జన్యువులకు అప్పటికి తెలిసిన ఏ జీవిలోనూ పోలిక దొరకలేదు. కొవ్వు ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు, కేంద్రకామ్లాల ముడిసరుకు వంటివాటిలో చాలావరకు సొంతంగా తయారుచేసుకునే ఏర్పాట్లు లేవు. అన్నీ మన నుంచే తీసుకుంటుంది. అందుకే లోహాలను లాక్కొచ్చే టీఆర్‌ఓ-ఎ వంటి రవాణా ప్రోటీన్లు దీనికి ప్రాణాధారం. అంత పొదుపరి జన్యుక్రమంలో ఒకే పోలిక ఉన్న 12 జన్యువుల కుటుంబం ఒకటి బయటపడింది. టీపీఆర్ అని పేరు పెట్టి, ఎ నుంచి ఎల్ వరకు అక్షరాలు తగిలించారు. ఇంత బీద జీవి ఒకే రకం సామాను 12 చోట్ల ఎందుకు దాచుకుందన్న ప్రశ్న అక్కడే మొదలయింది.

వాటిలో టీపీఆర్-కె గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇది వెలుపలి పొరలో పీపాలా దిగబడి ఉండే ప్రోటీన్ అని అంచనా. దాని గొలుసులో ఏడు చోట్ల వరస ఒక క్రిమిలో ఉన్నట్టు మరొక క్రిమిలో ఉండదు. ఆ ఏడు భాగాలు పొర వెలుపలికి చాచిన వంకీల మీద, అంటే యాంటీబాడీలకు అందే చోట ఉన్నాయని భావిస్తున్నారు. ఈ మార్పు యాదృచ్ఛికంగా వచ్చే తప్పుల వల్ల జరిగేది కాదు. జన్యుక్రమంలో మరో చోట, టీపీఆర్-డి జన్యువుకు దగ్గరలో, యాభైకి పైగా చిన్న తునకలు నిల్వ ఉన్నాయి. వాటంతట అవి ఏ ప్రోటీన్‌నూ చేయవు. క్రిమి వాటిలోంచి ఒక తునకను, కొన్నిసార్లు రెండు మూడు తునకల ముక్కలను కలిపి, టీపీఆర్-కె జన్యువులోని ఒక భాగం మీదకు నకలు రాసుకుంటుంది. నిల్వలో ఉన్నది అలాగే ఉంటుంది, వాడుకలో ఉన్నది మారిపోతుంది. ఏడు చోట్ల ఇలా కలగలిపి వేసుకుంటూ పోతే వచ్చే రూపాలకు అంతు ఉండదు.

దీని ఫలితం కుందేళ్లలో కళ్లకు కట్టినట్టు కనబడింది. రోగనిరోధక శక్తి సరిగా ఉన్న కుందేలులో రోజులు గడిచేకొద్దీ టీపీఆర్-కె రూపాలు పెరుగుతూ పోతాయి. ఆ శక్తిని మందులతో అణచివేసిన కుందేలులో అంత వైవిధ్యం రాదు. అంటే మార్పు ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, ఏ రూపం మిగలాలో మన యాంటీబాడీలే నిర్ణయిస్తాయి. పాత రూపాన్ని గుర్తించిన యాంటీబాడీ దాన్ని ఏరి పారేస్తే, అది గుర్తించలేని కొత్త రూపం పెరుగుతుంది. మొదటి పుండు మాని, కొన్ని వారాలకు ఒళ్లంతా దద్దుర్లతో రెండో దశ వచ్చే జబ్బు ఇది. ఆ మధ్యకాలంలో లోపల జరుగుతున్న ఏరివేత ఇదే అయి ఉండవచ్చన్న వాదన నాకు సబబుగానే తోస్తుంది.

వెలుపల ఉన్నాయంటున్న మిగతా ప్రోటీన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. టీపీ0751 మన కణాల చుట్టూ ఉండే లామినిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రక్తనాళాల గోడకు అతుక్కోవడంలో దానికి పాత్ర ఉందని విక్టోరియా విశ్వవిద్యాలయంలో కరొలైన్ కామెరన్ బృందం చూపింది. టీపీ0136 అలాంటిదే అయిన ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుంటుంది. టీపీ0326 ఇతర ప్రోటీన్లను వెలుపలి పొరలో అమర్చే పని చేసే బీఏఎమ్-ఎ కుటుంబానికి చెందినది. దాని వంకీలు టీపీఆర్-కె లాగా అదే పనిగా మారవు కాబట్టి, టీకా కోసం పనిచేసేవారికి దాని మీద ఆశ ఎక్కువ.

టీకా అసాధ్యం కాదని 1973లోనే జేమ్స్ మిల్లర్ నిరూపించారు. గామా కిరణాలతో బలహీనపరచిన క్రిములను కుందేళ్లకు 37 వారాలలో 60 సార్లు ఎక్కించి, పూర్తి రక్షణ సాధించారు. 60 ఇంజెక్షన్ల టీకా మనుషులకు పనికిరాదు. అయినా వెలుపలి పొర చెక్కుచెదరకుండా చూపితే శరీరం నేర్చుకోగలదని ఆ ప్రయోగం నేర్పింది. ఆ మీదట పని నెమ్మదిగా సాగడానికి ముఖ్య కారణం ఈ క్రిమి జంతువుల ఒంటి వెలుపల, ప్రయోగశాల పాత్రల్లో పెరగకపోవడం. రెట్టింపు కావడానికి దాదాపు 30 గంటలు తీసుకుంటుంది. ఈ.కొలైకి ఇరవై నిమిషాలు చాలు. 2018లో హ్యూస్టన్‌లో డయాన్ ఎడ్మండ్‌సన్, స్టీవెన్ నోరిస్ తదితరులు కుందేలు చర్మకణాల తోడుతో, 1.5 శాతం ఆక్సిజన్ మాత్రమే ఉన్న గాలిలో, 34 డిగ్రీల దగ్గర దీన్ని నెలల తరబడి పెంచగలిగారు. 113 ఏళ్ల ఎదురుచూపు అది. ఆ దారి తెరుచుకున్నాక, 2021లో మొదటిసారి ఈ క్రిమి జన్యువులను చేతితో మార్చడం సాధ్యమయింది.

దాని తరువాత 2023లో వెలువడిన ప్రయోగాన్ని నేను రెండుసార్లు చదివాను. టీపీఆర్-కె కోసం నిల్వ చేసుకున్న తునకలలో చాలావరకు తొలగించిన క్రిమిని తయారుచేసి కుందేళ్లకు ఎక్కించారు. ఆ క్రిమికి కదలిక ఉంది, కశాభాలున్నాయి, టీపీ47 ఉంది, అన్నీ ఉన్నాయి. లేనిది రూపం మార్చుకునే సరుకు మాత్రమే. సహజమైన క్రిమి ఎక్కించిన కుందేళ్లతో పోలిస్తే వీటిలో పుండ్లు చిన్నవిగా, తేలికగా ఉన్నాయి, క్రిముల సంఖ్యా తగ్గింది. పట్టీ మీద ముదురు ఊదారంగులో తేలే ఆ మూడు గీతల్లో టీపీఆర్-కె పేరు ఎక్కడా ఉండదు.